మర్రికి మొక్క బదులు కాదు

మోకిల నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు వెళ్లివచ్చే భక్తులకు ఆ దారిలోని మర్రిచెట్లను పరిచయం చేయనక్కరలేదు. హైదరాబాదు అంచున ఉన్న అప్పా కూడలి మొదలు మన్నెగూడ వరకు, సుమారు 46 కిలోమీటర్ల పొడవున, రహదారికి ఇరుప్రక్కలా తొమ్మిది వందల వరకు వటవృక్షాలు నిలిచి ఉన్నాయి. బాటసారుల నీడకై నిజాం ప్రభువుల కాలంలో వీటిని నాటించారని పెద్దలు చెబుతారు. రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే ప్రతిపాదన రావడంతో వీటి భవితవ్యం జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎదుటికి వెళ్లింది. అనంతరం, అధికభాగం వృక్షాలను ఉన్నచోటనే ఉంచి, కొన్నింటిని మాత్రమే పెకలించి వేరొకచోట నాటే విధంగా ప్రణాళికను సవరించారు.

విస్తరణ అక్కరలేదని నేననను. 2025 నవంబరు 3న ఇదే దారిలో, మీర్జాగూడ వద్ద, కంకరతో వస్తున్న టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాలను కాపాడే దారి కావలసిందే. నా మనవి అంతా "ఒక చెట్టు పోతే పది మొక్కలు నాటుదాం" అనే మాటను గురించి. ఆ మాటను నేనూ నమ్మాను. మోకిలలో ఇల్లు కట్టుకొన్నప్పుడు స్థలంలోని ముసలి మర్రిని తొలగించడానికి అంగీకరించి, ప్రాయశ్చిత్తంగా ఇరవై మొక్కలు నాటించాను. రెండు వేసవులు గడిచేసరికి ఏడు మిగిలాయి. ఆ ఏడింటిలో దేనిమీదా ఇంతవరకు ఒక్క గూడు వెలియలేదు.

కారణం మర్రి స్వభావంలోనే ఉన్నది. మర్రిపండుగా మనం చూసేది నిజానికి లోపల వందలాది పూవులను దాచుకొన్న సంచి. ఆవగింజ కన్న చిన్నదైన ఒక కందిరీగ సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి పరాగసంపర్కం జరుపుతుంది. ఈ కందిరీగకు మర్రి తప్ప వేరే ఆశ్రయం లేదు. మర్రికి ఈ కందిరీగ తప్ప వేరే సహాయం లేదు. దాని ఆయుష్షు కొద్ది రోజులే కనుక, దగ్గరలో ఏదో ఒక మర్రి కాపు మీద ఉండితీరాలి. చెట్లన్నీ ఒకేసారి కాయకపోవడం అందుకే. తక్కిన చెట్లు కాయని నెలల్లోనూ గోరువంకలు, కోయిలలు, చిలుకలు, గబ్బిలాలు, ఉడుతలు మర్రిని ఆశ్రయించి బ్రతుకుతాయి. ఒంటరి మర్రి కన్న మర్రిసాలకు విలువ ఎక్కువ కావడానికీ ఇదే హేతువు.

ఉష్ణమండల వర్షారణ్యాలలోనూ ఈ జాతి వృక్షాలు ఇదే ధర్మాన్ని నిర్వహిస్తున్నాయి. అడవిని నరికి పొలాలుగా మార్చినచోట మిగిలిన ఒక్క మేడి, ఒక్క మర్రి కూడ పక్షులను రప్పిస్తుంది. ఆ పక్షులు వేరే చెట్ల విత్తనాలను తెచ్చి జారవిడుస్తాయి. అడవి తిరిగి మొలకెత్తడం ఆ నీడ నుండే ఆరంభమవుతుంది. ముసలిచెట్టు పోతే ఆ ఆరంభం కూడ పోతుంది.

పెకలించి నాటడం నరకడం కన్న మేలే. మర్రికొమ్మ తడినేలలో సులువుగా వేరూనుతుంది కూడ. అయితే క్రేనుతో ఎత్తడానికి కొమ్మలన్నీ కొట్టివేయాలి, వేళ్లలో చాలా భాగం తెంచాలి. బ్రతికినా మునుపటి గొడుగు విప్పడానికి ఏండ్లు పడుతుంది. అందుచేత అది చివరి మార్గమే కావాలి.

ఉన్నచోటనే కాపాడడం సాధ్యమని మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి చూపింది. సుమారు 700 ఏండ్లదని చెప్పే ఆ వృక్షానికి చెదలు పట్టి, 2017లో ఒక పెద్దకొమ్మ విరిగిపడింది. రోగికి సెలైను ఎక్కించినట్లు మానులోకి చుక్కచుక్కగా చెదలమందు ఎక్కించారు. బరువైన కొమ్మలకు దిమ్మెలు ఆధారంగా కట్టారు. ఊడలను మట్టి నింపిన గొట్టాల గుండా నేలకు దింపారు. చెట్టు మళ్లీ చిగిర్చింది. కదిరి సమీపాన సుమారు ఐదెకరాలలో విస్తరించి, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమానును తరతరాలుగా నిలిపినది భక్తియే.

వటపత్రంపై శయనించిన స్వామిని, వటమూలాన కొలువైన దక్షిణామూర్తిని కొలిచే మనకు ఇది క్రొత్త ధర్మం కాదు. ఊరి మర్రి చుట్టూ అరుగు కట్టించదలచిన దాతలు మాను చుట్టూ విశాలంగా మట్టిని విడిచిపెట్టవలసిందిగా ప్రార్థన. సిమెంటు కప్పితే వేళ్లకు నీరూ గాలీ అందవు. దీపం మానుకు ఆనించక, దూరంగా వెలిగించండి. మేకులు కొట్టవద్దు. వ్రతంలో చుట్టిన దారాలను పిదప విప్పండి. నేలకు దిగుతున్న ఊడలను కోయవద్దు. రేపు కొమ్మలను మోసే స్తంభాలు అవే. చెట్టు నరికే ప్రయత్నం కనిపిస్తే, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉన్నదా అని అడగండి.

మొక్కలు నాటించే దాతలు మానవద్దు. నాటినవాటికి మూడు వేసవులు నీరు పోయించే ఏర్పాటు కూడ చేయండి. అంతకు ముందు, మీ ఊరిలో ఇప్పటికే నిలిచి ఉన్న ఒక ముసలిచెట్టును మీదిగా స్వీకరించండి. నేను ఆలస్యంగా తెలుసుకొన్నది మీకు సకాలంలో అందాలని స్వామిని వేడుకొంటున్నాను.