మీకు తెలుసా? చివరి పేజీ దాచిపెట్టి పుస్తకం చెప్పడం

“ఈ మధ్య వచ్చిన మంచి సస్పెన్స్ నవల ఏదైనా చెప్పండి” అని అడుగుతుంటారు స్నేహితులు. చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు. ఆ తర్వాత నోరు కట్టేసుకోవడమే కష్టం. “చదువు గురూ, చివర్లో దిమ్మ తిరుగుతుంది” అన్నామా, ఇక ఆ మనిషి మొదటి పేజీ నుంచే పాలబ్బాయిని కూడా అనుమానిస్తూ కూర్చుంటాడు. ట్విస్ట్ ఏమిటో చెప్పనక్కర్లేదు, ట్విస్ట్ ఉందన్నా సగం కథ చెప్పేసినట్టే. అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. కథ లోపలి సంగతి జోలికి పోను. కథ బయటి సంగతి ఒకటి చెప్పి పుస్తకం చేతిలో పెడతాను. ఈసారివి అన్నీ అలాంటి సంగతులే.

*

జపాన్‌లో ఇప్పుడు జనం ఎగబడి కొంటున్న ఒక రచయిత ముఖం ఎలా ఉంటుందో పాఠకులకు తెలియదు. కలం పేరు ఉకెత్సు. కాగితపు గుజ్జుతో చేసిన తెల్లటి ముసుగు, ఒంటికి అతుక్కున్న నల్లటి దుస్తులు, యంత్రంతో మార్చిన గొంతు. యూట్యూబ్‌లో అలాగే కనిపిస్తాడు, అలాగే మాట్లాడతాడు. ‘స్ట్రేంజ్ పిక్చర్స్’ నవల జపనీస్‌లో 2022లో వచ్చింది. జిమ్ రియన్ ఇంగ్లీషు అనువాదం 2025 జనవరిలో. ఇందులో ఆధారాలన్నీ బొమ్మలే. పుస్తకం మధ్యలో బొమ్మ వేసి ఉంటుంది, మనమూ డిటెక్టివ్‌లాగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాం. కాబట్టి ఆడియో పుస్తకాలు వినేవాళ్ళకు ఇది చెప్పను, అచ్చు పుస్తకమే కొనుక్కోవాలి.

ఇదే రచయిత ‘స్ట్రేంజ్ హౌసెస్’లో కథ ఒక ఇంటి ప్లానుతో మొదలవుతుంది. గోడల మధ్య ఎందుకుందో తెలియని ఖాళీ ఒకటి. ప్లాను చూసి “ఈ ఇంట్లో ఏదో తేడా ఉందండీ” అనడం మనకేం కొత్త కాదు, వాస్తు సిద్ధాంతిగారు చేసే పనే అది. అందుకేనేమో ఈ పుస్తకం తెలుగువాళ్ళకు ఇట్టే ఎక్కుతుందని నా నమ్మకం. రెండిట్లో ఏది ముందు అంటే మాత్రం ‘పిక్చర్స్’ అనే చెబుతాను.

*

వేడన్నంలో చల్లటి వెన్నముద్ద, పైన రెండు చుక్కల సోయా సాస్. ఇదొక నేరకథలో కీలకమైన భోజనం.

అసాకో యుజుకి నవల ‘బటర్’ జపాన్‌లో 2017లోనే వచ్చింది. పాలీ బార్టన్ ఇంగ్లీషు అనువాదం 2024లో వచ్చాక బయటి ప్రపంచానికి తెలిసింది. బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ పుస్తకాల దుకాణాలవాళ్ళు దాన్ని ఆ ఏటి మేటి పుస్తకంగా ఎంపిక చేశారు. దీని వెనక నిజంగా జరిగిన కేసు ఉంది. పెళ్ళి సంబంధాల వంకతో పరిచయమైన మగవాళ్ళ చావుల మీద 2009లో ఒక మహిళ జపాన్‌లో అరెస్టయింది, ఆ తర్వాత మరణశిక్ష పడింది. నవలలో అలాంటి ఖైదీనే కలవాలని రికా అనే విలేఖరి ప్రయత్నిస్తుంది. ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబుండదు. చివరికి కేసు మాట వదిలేసి, ఆవిడ చేసే మాంసం కూర ఎలా వండాలో చెప్పమని అడుగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. మొదటి పాఠం, ఇందాక చెప్పిన వెన్నన్నం.

ఆవకాయన్నంలో నెయ్యి వేసుకుని పెరిగినవాళ్ళకు ఆ పేజీలు వేరే చెప్పాలా? కాకపోతే ముందే హెచ్చరిస్తున్నాను, ఇది హంతకుడెవరో వెతికే కథ కాదు. ఒళ్ళు కాస్త పెరిగితే ఆడపిల్లను లోకం ఏ కళ్ళతో చూస్తుందో, వండి పెట్టడాన్ని ఎవరు ఎవరి మీద ఆయుధంగా వాడతారో చెప్పే కథ. నాలుగొందల పైచిలుకు పేజీలు, మధ్యలో నడక మందగిస్తుంది. ఆకలితో మాత్రం మొదలుపెట్టకండి.

*

‘ది హౌస్‌మెయిడ్’ రాసిన ఫ్రీడా మెక్‌ఫాడెన్ వృత్తిరీత్యా డాక్టరు. మెదడుకు దెబ్బ తగిలిన రోగులను చూసేవారు. ఫ్రీడా అన్నది కలం పేరు. నవల 2022లో వచ్చింది, సినిమా 2025 డిసెంబరులో. వాక్యాల్లో అందం వెతక్కండి, దొరకదు. కానీ రాత్రి రైల్లో సికింద్రాబాద్‌లో పట్టుకుంటే విశాఖపట్నం వచ్చేలోగా అయిపోతుంది. ఆ పని కోసమే రాసిన పుస్తకం, ఆ పని చేస్తుంది.

*

ఎదుటి మనిషికి తన జ్ఞాపకం మీదే, తన బుర్ర మీదే అనుమానం కలిగేలా చేసి లొంగదీసుకోవడాన్ని ఇప్పుడందరూ గ్యాస్‌లైటింగ్ అంటున్నారు. ఆ మాట ఒక థ్రిల్లర్ నుంచే వచ్చింది. పాట్రిక్ హామిల్టన్ 1938లో ‘గ్యాస్ లైట్’ అని నాటకం రాశాడు. అందులో ఇంట్లో గ్యాసు దీపాల వెలుగు తగ్గుతుంటుంది. భార్య ఆ మాటంటే, భర్త అంతా నీ భ్రమే అంటాడు. 1944లో ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో హాలీవుడ్ సినిమా వచ్చింది. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువాళ్ళు గ్యాస్‌లైటింగ్‌ను ఆ ఏటి మాటగా ప్రకటించారు. ఇప్పుడొచ్చే భార్యాభర్తల థ్రిల్లర్లలో చాలావాటికి అమ్మమ్మ ఆ నాటకమే. వాటిలో ఏ పుస్తకంలో ఎవరు ఎవర్ని ఇలా ఆడిస్తారో మాత్రం నేను చెప్పను.

*

స్వీడిష్ రచయిత స్టీగ్ లార్సన్ తన నవలకు పెట్టిన పేరు ‘ఆడవాళ్ళను ద్వేషించే మగవాళ్ళు’. 2005లో వచ్చింది. ఇంగ్లీషుకు వచ్చేసరికి అదే పుస్తకం ‘ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ’ అయింది. మగవాళ్ళు అట్ట మీంచి మాయమై, ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. తర్వాత గిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’ 2012లో, పౌలా హాకిన్స్ ‘ది గర్ల్ ఆన్ ద ట్రెయిన్’ 2015లో. ఇక అట్ట మీద ‘గర్ల్’ లేనిదే పుస్తకం అమ్ముడుపోదన్నంత మోజు. నవలా రచయిత్రి ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 2016లో ఇలాంటి పేర్ల లెక్క తీస్తే, చాలా పుస్తకాల్లో ఆ ‘గర్ల్’ చిన్నపిల్లే కాదు, ఎదిగిన ఆడమనిషి అని తేలింది. ఇంకో సంగతీ బయటపడింది. ఆ అమ్మాయి చివరికి చచ్చిపోయే అవకాశం, రాసింది మగవాడైతే ఎక్కువట!

*

అలెక్స్ మైకెలీడిస్ ‘ది సైలెంట్ పేషెంట్’ను 2019 నుంచి ఎవరో ఒకరు ఎవరో ఒకరికి చెబుతూనే ఉన్నారు. భర్తను కాల్చి చంపాక ఒక్క మాటా మాట్లాడని చిత్రకారిణి కథ. దాని వేరు గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన ‘ఆల్కెస్టిస్’లో ఉంది. మన సావిత్రి యముడితో వాదించి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. ఆల్కెస్టిస్ మొగుడికి బదులు తానే చావుకు వెళ్ళింది. తిరిగొచ్చాక నాటకం ముగిసేదాకా నోరు విప్పదు. రచయిత సైప్రస్‌లో పుట్టినవాడు, మానసిక వైద్యశాలలో కొంతకాలం పనిచేసినవాడు కూడా. రెండూ పుస్తకంలో కనిపిస్తాయి.

*

పల్చటి పుస్తకం అడిగేవాళ్ళకు నా జవాబు ఎప్పుడూ ఒక్కటే: ఓయింకన్ బ్రెయిత్‌వెయిట్ ‘మై సిస్టర్, ద సీరియల్ కిల్లర్’, 2018. నైజీరియాలోని లాగోస్ నగరం. అక్క నర్సు, చెల్లెలు అందగత్తె. చెల్లెలు చంపుతుంటుంది, అక్క రక్తం కడుగుతుంటుంది. నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది. 2019 బుకర్ పోటీ తొలి జాబితాలో దీనికీ చోటు దక్కింది.

*

మనసు లోపలి నడకను పట్టుకోవడం తెలుగు నవలకు కొత్తేమీ కాదు. నవీన్ 1969లో అచ్చువేసిన ‘అంపశయ్య’ ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరై కూర్చుంది. ఇటీవలి వాటిలో అడిగితే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చెబుతాను. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమా అయింది. ఉద్యోగం రాని ఇంజనీరు కుర్రాడు కరువుకాలంలో గొర్రెల మందతో నల్లమల ఎక్కుతాడు. హత్య లేదు, డిటెక్టివ్ లేడు. భయం ఉంది, పులి ఉంది. ఏ థ్రిల్లర్ అరలోనూ పెట్టరు గానీ, అడవిలో గడిచే ఆ రాత్రిళ్ళ గురించి చదువుతుంటే గుండె చేసే చప్పుడు మాత్రం అదే.

*

ఎడోగావా రంపో. ఈ పేరును నాలుగైదుసార్లు గబగబా పలకండి. ఎడ్గార్ అలెన్ పో వినిపించిందా? జపాన్ డిటెక్టివ్ కథల పితామహుడు కావాలనే అలా పెట్టుకున్న కలం పేరది. ఆయన పేరిట ఇచ్చే బహుమతిని 1985లో అందుకుని, ఇంజనీరు ఉద్యోగం మానేసినవాడు కీగో హిగాషినో. ఆయన ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ 2005 నాటిది. దాని ఆధారంగానే 2023లో హిందీలో ‘జానే జాన్’ వచ్చింది. నవలలో హత్య ఎవరు చేశారో హిగాషినో మొదట్లోనే చూపించేస్తాడు. అయినా పుస్తకం కింద పెట్టలేం.

ఎందుకు పెట్టలేమో నాకు చిన్నప్పుడే తెలిసింది. మా ఊళ్ళో అద్దె పుస్తకాల కొట్లో డిటెక్టివ్ నవలలకు చివరి కాగితం సాధారణంగా ఉండేది కాదు. అంతకంటే ఘోరం, నాకంటే ముందు చదివిన మహానుభావుడెవరో ఒక పుస్తకంలో మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసి, కింద గీత కూడా గీశాడు. తిట్టుకుంటూనే మొదలుపెట్టాను. తెల్లారేదాకా చదివాను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో ఇద్దరు పరిశోధకులు 2011లో ఈ సంగతే పరీక్షించారు. పన్నెండు కథలు తీసుకుని, కొందరికి ముగింపు ముందే చెప్పి చదివించారు, కొందరికి చెప్పకుండా చదివించారు. ముగింపు తెలిసినవాళ్ళే మొత్తమ్మీద కథల్ని ఎక్కువగా ఇష్టపడ్డారు. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనలు దీన్ని ఒప్పుకోలేదు. నేనైతే ఆ పెన్సిల్‌వాణ్ణి ఇంకా క్షమించలేదు.

లండన్‌లో అగాథా క్రిస్టీ ‘ద మౌస్‌ట్రాప్’ నాటకం 1952లో మొదలైంది. ఆట అయ్యాక హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకులను ఇప్పటికీ అడుగుతారు. మీకూ నాదొక చిన్న మనవి. పక్క సీట్లో ఎవరైనా ‘సైలెంట్ పేషెంట్’ చదువుతూ కనిపిస్తే “ఎంతవరకు వచ్చారు?” అని మాత్రం అడగండి. వాళ్ళు ఏం చెప్పినా సరే, ముఖంలో ఏమీ కనపడనివ్వకండి.