కొత్త కాలనీ ప్లాను: ముందు నీటి లెక్క చూడండి

హౌసింగ్ లోన్ ఫైళ్లు చూడటం నా ఉద్యోగం. పదిహేనేళ్లుగా ఎన్నో అపార్ట్‌మెంట్ల ప్లాన్లు నా బల్ల మీదుగా వెళ్లాయి. మార్కెట్ విలువ, లీగల్ ఒపీనియన్, కట్టగలిగే ఇఎంఐ చూసేవాణ్ణి. నీళ్లెక్కడి నుంచి వస్తాయని మాత్రం ఎన్నడూ అడగలేదు. కొందరు ఉద్యోగులం, కొందరు రిటైరైన పెద్దలు కలిసి హైదరాబాద్ శివారులో సొంతంగా ఫ్లాట్లు కట్టుకుందామనుకున్నప్పుడు ఆ ప్రశ్న నా ఇంటికే వచ్చింది.

ఆర్కిటెక్టు మొదట నీటి లెక్క వేయించారు. మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. 60 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 32,400 లీటర్లు. అందులో మూడో వంతు, అంటే మనిషికి 45 లీటర్లు, టాయిలెట్ ఫ్లష్‌కే పోతుంది.

ఇక వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. మా 1,200 చదరపు మీటర్ల డాబా మీద పడినదాంట్లో 80 శాతం పట్టుకున్నా 7.68 లక్షల లీటర్లు. సంబరపడ్డాను. తీరా చూస్తే అది కాలనీకి 24 రోజుల నీరే! అదే స్నానాల నీటిని, బట్టలుతికిన నీటిని శుద్ధి చేసి ఫ్లష్‌కు వాడితే ఏడాదికి 39 లక్షల లీటర్లు మిగులుతాయి. వాననీటికి ఐదు రెట్లు. కాకపోతే దీనికి వేరే పైపులైను కావాలి. అది గోడలు లేచేటప్పుడే వేయాలి. తర్వాత అంటే ప్రతి బాత్రూమూ పగలగొట్టాల్సిందే.

రెండోది ఎండ. వేసవిలో తూర్పు, పడమర గోడలే ఎక్కువ వేడెక్కుతాయి. అందుకని భవనం పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు పెట్టాలి. "తూర్పు వాకిలి లేకపోతే మాకొద్దు" అన్నవారున్నారు. వాకిలి తూర్పుకే ఉంచి కిటికీలు మార్చాం. వాస్తూ నిలిచింది, చల్లదనమూ దక్కింది. డాబాకు తెల్లపూత వేస్తే పై అంతస్తు వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

మూడోది కరెంటు. పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. లిఫ్టులకు, మోటార్లకు 20 కిలోవాట్లు పెట్టుకుంటే 3.6 లక్షలు కలిసొస్తాయి.

అసలు తగువు స్థలం దగ్గర వచ్చింది. ఒక మూల పల్లం. వానాకాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయని పక్క పొలం రైతు చెప్పాడు. మట్టి పోసి చదును చేస్తే 64 ఫ్లాట్లు పడతాయి. వదిలేస్తే 60, అంటే ఒక్కొక్కరి స్థలం వాటా పదిహేనో వంతు పెరుగుతుంది. రిటైరైన మా పాత మేనేజర్‌గారు అడిగారు: "బాబూ, నా గ్రాట్యుటీ అంతా ఇందులోనే పెట్టాను. గుంట కోసం ఇంకా ఇమ్మంటావా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పల్లం పూడ్చినంత మాత్రాన నీరు రావడం మానదు సార్, మన సెల్లార్‌లోకి వస్తుంది అన్నాను. చివరికి పెద్దల మీద పడే అదనపు భారాన్ని సర్వీసులో ఉన్నవాళ్లం పంచుకున్నాం. అయినా రెండు కుటుంబాలు తప్పుకున్నాయి. వారిని తప్పుపట్టను, వారి బడ్జెట్ వారిది. వారి చోట్లోకి వేరేవాళ్లు వచ్చారు.

నిరుడు పెద్ద వానకు ఆ మూల మోకాలి లోతు నీరు నిలిచి, కొన్నాళ్లకు భూమిలోకి ఇంకింది. మేనేజర్‌గారు వచ్చి చూసి, ఏమీ అనకుండా ఫొటో తీసుకుని వెళ్లారు.

ఫ్లాటు కొనబోయే మన బ్యాంకు కుటుంబాలకు ఒక్క మాట. టైల్స్, మాడ్యులర్ కిచెన్ తర్వాతైనా మార్చుకోవచ్చు. పైపులైను, కిటికీల దిక్కు, పల్లపు నేల మార్చలేం. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ మూడూ అడగండి. ఇఎంఐ ఇరవై ఏళ్లకు తీరుతుంది. ట్యాంకర్ల ఖర్చు మోసే మెయింటెనెన్స్ బిల్లు మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది.