గెనెం మీది కిత్తనార కారు డోరులోకి పోవాలంటే

"కారు దేంతో చేస్తారు?" అని మన క్లాసులో ఎవర్ని అడిగినా ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్, గాజు అంటారు. గోంగూర అని మాత్రం ఎవరూ అనరు. కానీ 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 కారు డోర్ల లోపలి ప్యానెళ్లలో వాడింది కెనాఫ్ నార. కెనాఫ్ అంటే మన గోగునార మొక్కే, గోంగూరకు దగ్గరి చుట్టం.

ఇదొక్కటే కాదు. తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా ట్రాబాంట్ అనే కారు తయారైంది. అక్కడ ఉక్కుకు కరువు. అందుకని లోపల ఉక్కు చట్రం పెట్టి, పైన తొడుగు మాత్రం మిల్లుల్లో మిగిలిన పత్తి వ్యర్థాన్ని ఫినాల్ రెసిన్‌తో కలిపి అచ్చు పోశారు. మెర్సిడెస్ వాళ్లు ఏ-క్లాస్ కారు అడుగున స్పేర్ వీల్ గుంతకు మూత చేయడానికి గ్లాస్ ఫైబర్ తీసేసి అబాకా నార వాడారు. అబాకా ఫిలిప్పీన్స్‌లో పెరిగే మొక్క, మన అరటి జాతిదే.

ఇప్పుడు మన మ్యాపు చూడండి. పత్తికి ఆదోని. అరటికి పులివెందుల, రైల్వే కోడూరు. గెల కోశాక బోదెను నరికి పడేస్తాం. గోంగూర సంగతి చెప్పే పనే లేదు. వీటన్నింటికంటే మొండిది, నీళ్లు అడగనిది ఇంకొకటుంది. అదే చేను గెనెం మీద, రైలు కట్టల పక్కన పెరిగే కిత్తనార. ఇంగ్లీషు పుస్తకాల్లో సైసల్ అనేది ఈ జాతిలోదే.

మాది ఆదోని వైపు పల్లె. మా అబ్బ కిత్తనార మట్టలు కోసి, నీళ్లలో నానేసి, బాది, కడిగి, ఆ నారతో పగ్గాలు, తలుగులు పేనేవాడు. నైలాన్ తాడు వచ్చాక ఆ పని పోయింది. మట్టలు మాత్రం గెనెం మీద అట్లే ఉన్నాయి. మన ఎండకు అవి ఎట్లా తట్టుకుంటాయంటే, చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే కిత్తనార రాత్రిపూట తెరుస్తుంది. చల్లటి వేళ గాలి పీల్చుకుంటుంది కాబట్టి లోపలి తడి ఎక్కువ ఆవిరి కాదు.

సరే, నార ఉంది. దాన్ని ప్లాస్టిక్‌లో ఎందుకు కలపాలి? మట్టి గోడలో వరిగడ్డి కలిపినట్టే. గడ్డి లేని మట్టి ఎండితే పగులుతుంది. ప్లాస్టిక్ ఆకారాన్ని ఇస్తుంది, బరువును నారకు అందిస్తుంది. నార ఆ బరువు మోస్తుంది. కార్లలో ఎక్కువగా చేసే పద్ధతి ఇది: నారను, పాలీప్రొపిలీన్ పోగులను కలిపి దుప్పటిలా పరుస్తారు. వేడి చేస్తారు. అచ్చులో పెట్టి ప్రెస్ చేస్తారు. డోర్ ట్రిమ్, సీటు వెనక భాగం, డిక్కీ లోపలి అట్ట ఇట్లా తయారవుతాయి.

పాలీప్రొపిలీనే ఎందుకంటే అది సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మొక్కల నార 200 డిగ్రీలు దాటితే మాడడం మొదలవుతుంది. కాబట్టి ఇంకా ఎక్కువ వేడికి కరిగే ప్లాస్టిక్‌లు దీనికి పనికిరావు. అట్లే ఇంజిన్ పక్కన పెట్టే భాగాలకూ ఇది వద్దు.

"గ్లాస్ ఫైబర్ ముందు ఈ నార నిలబడుతుందా?" అని మెకానికల్ వాళ్లు అడుగుతారు. లాగి తెంచే బలంలో నిలబడదు, గ్లాస్ చాలా ముందుంది. కానీ డోర్ ప్యానెల్‌ను ఎవరూ లాగి తెంచరు. అది వంగకుండా ఉండాలి, తేలికగా ఉండాలి. పలక వంగడం లెక్కలో, ఒకే గట్టితనానికి పట్టే బరువు డెన్సిటీని యంగ్స్ మాడ్యులస్ ఘనమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. గ్లాస్ డెన్సిటీ 2.55, మాడ్యులస్ 70 గిగాపాస్కల్. సైసల్ డెన్సిటీ సుమారు 1.45. దాని మాడ్యులస్ మాత్రం ఒక్క అంకె కాదు, నారను బట్టి 10 నుంచి 20 దాకా మారుతుంది. క్యాలిక్యులేటర్ తీసుకుని వేయండి.

గ్లాస్ బరువు 100 అనుకుంటే, మాడ్యులస్ 20 ఉన్న సైసల్‌కు 86 చాలు. 15 ఉంటే 95. 10 ఉంటే 109. ఇది ఉత్త నార లెక్కే, ప్లాస్టిక్ కలిశాక తేడా తగ్గుతుంది. అయినా విషయం తేలిపోయింది. మంచి నార గ్లాస్‌ను గెలుస్తుంది, నాసి నార ఓడిపోతుంది. రెండూ ఒకే గెనెం మీద పుట్టినవే కావచ్చు!

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ 10కీ 20కీ మధ్య తేడాలో చాలా భాగం కారు ఫ్యాక్టరీలో కాదు, చేను దగ్గర తేలుతుంది. మట్ట ఎంత ముదిరింది, కోశాక ఎన్నాళ్లకు నార తీశారు, గుజ్జు పూర్తిగా పోయేలా కడిగారా, నీడన కుప్పేసి నల్లబడనిచ్చారా, ఎండలో పల్చగా ఆరబెట్టారా. వీటి మీదే ఆధారం. గ్లాస్ ఫైబర్ అయితే ఏ డబ్బా విప్పినా ఒకటే అంకె. డిజైన్ ఇంజనీరుకు కావలసింది ఆ భరోసానే.

ఇంకో చిక్కు తడి. మొక్కల నార మామూలు గాలిలోనే తన బరువులో పదో వంతు దాకా తేమ పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్‌కేమో నీళ్లంటే పడదు. ఇద్దరూ అతుక్కోరు. అందుకే పలుచటి కాస్టిక్ సోడా నీళ్లలో నారను కడుగుతారు. పైనున్న జిగురు పదార్థాలు పోయి నార గరుకుగా మారుతుంది, ప్లాస్టిక్‌కు పట్టు దొరుకుతుంది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో వరదరాజులు గారి బృందం ఏళ్ల తరబడి ఈ పనే చేసింది. హిల్డెగార్డియా అనే అరుదైన చెట్టు నార మీద కూడా క్షార శుద్ధి ప్రభావాన్ని పరిశీలించారు. విజయవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు 2007లో వక్క, ఖర్జూరం, వెదురు నారల బలాన్ని కొలిచి అంతర్జాతీయ పత్రికలో అచ్చేశారు. అంటే ఇది మన తెలుగు ల్యాబులకు కొత్త విద్యేమీ కాదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. నార కలిపినంత మాత్రాన ఆ డోర్ ట్రిమ్ మట్టిలో కలిసిపోదు. పాలీప్రొపిలీన్ ప్లాస్టికే. లాభమల్లా ప్లాస్టిక్ తక్కువ పట్టడం, బరువు తగ్గడం, గ్లాస్ ఫైబర్‌లా పనివాళ్ల చర్మానికి దురద పెట్టకపోవడం.

మరి మన ఊళ్లకేం లాభం? నూరు కిలోల పచ్చి మట్టకు వచ్చే నార నాలుగు కిలోలు అటూ ఇటూ. మిగతాదంతా నీళ్లు, గుజ్జు. దాన్ని లారీలో దూరం మోస్తే డీజిల్ ఖర్చు కూడా రాదు. కాబట్టి నార తీసే మిషను ఊళ్లోనే ఉండాలి, కడగడం, ఆరబెట్టడం ఊళ్లోనే జరగాలి. అంటే నాణ్యత తేల్చే పని ఎటూ ఊరి చేతిలోనే ఉంటుంది. తేలాల్సింది ఆ పనికి కూలి ఎట్లా కడతారన్నదే. పగ్గం నారలా కిలో లెక్కన కొంటే ఎవరూ శ్రద్ధగా కడగరు. గ్రేడు కట్టి, మంచి నారకు మంచి రేటు ఇస్తేనే 10 కాస్తా 20 వైపు జరుగుతుంది.

కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు హైవే పక్కనే, పెనుకొండ దగ్గర, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏటా మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. అలాంటి చోటికి "మా దగ్గర నార ఉంది" అని చెబితే సరిపోదు. "మా నార మాడ్యులస్ ఇంత, తేడా ఇంతకు మించదు, తేమ ఇంత" అని కాగితం చూపాలి. ఆ కాగితం రాయడానికి పెద్ద ల్యాబేమీ అక్కర్లేదు. టెన్సైల్ టెస్టింగ్ మిషను, ఓవెన్, మంచి తక్కెడ చాలు, ఇవి మన డిపార్ట్‌మెంటులోనే ఉన్నాయి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కుంటున్నవాళ్లకు నా సలహా ఇది. నాలుగు ఊళ్ల నుంచి, మూడు వయసుల మట్టల నుంచి నార తెచ్చి, రెండు రకాలుగా ఆరబెట్టి, ఒక్కో రకానికి కనీసం ముప్పై పోగులు తెంచి చూడండి. సగటు ఎంతో రాయండి. దానికంటే ముఖ్యంగా, తేడా ఎంతో రాయండి. ఎవరైనా మొదలుపెడితే చెప్పండి, ఆదోని వైపు మట్టలు తెచ్చే పూచీ నాది.