దారి లేని తీరాన సైకిలు మీద

సైకిలు మీద లోకం చుట్టివచ్చినవారి కథ మన దేశంలో కొత్తది కాదు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు బయలుదేరితే, ముగ్గురు 1928లో పూర్తిచేసి యింటికి చేరారు. వారు ఎడారులు దాటారు, కొండలు ఎక్కారు. అంత సాహసం మనబోటి సంసారులకు అక్కరలేదు. నెల్లూరు సముద్రతీరం వెంట కావలి మొదలు సూళ్ళూరుపేట దాకా సైకిలు తొక్కి చూస్తే చాలు, యాత్ర అంటే ఏమిటో తెలిసివస్తుంది.

పటం చూస్తే యిది సులువుగానే కనిపిస్తుంది. 2022లో జిల్లాలు విడదీయకముందు నెల్లూరు జిల్లాకు దాదాపు 170 కిలోమీటర్ల తీరం ఉండేది. చిక్కేమిటంటే, ఆ తీరం వెంట నేరుగా పోయే రోడ్డు లేదు. కలకత్తా–మద్రాసు రహదారి ఎక్కడో పడమట పోతుంది. దానినుంచి ఒక్కొక్క ఊరి రోడ్డు, దువ్వెన పళ్ళలాగా, తూర్పుకు పోయి సముద్రం దగ్గర ఆగిపోతుంది. తుమ్మలపెంటకు ఒకటి, ఇసకపల్లికి ఒకటి, మైపాడుకు ఒకటి, కోడూరుకు ఒకటి. ఒక పన్ను కొననుంచి పక్క పన్ను కొనకు పోవాలంటే ఎట్లా? అదే యీ యాత్రలోని అసలు ప్రశ్న.

ఇసుక మీద పోదామంటారా? యీ తీరంలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ. అలలు తీసినప్పుడు గట్టిపడి మిగిలే తడి ఇసుక సన్నని పట్టీ మాత్రమే. చక్రాలలో గాలి కొంచెం తగ్గించుకుంటే కాసేపు సాగుతుంది. ఆ తరువాత సైకిలు మనలను మోయదు, మనమే సైకిలును మోయాలి. సాయంత్రానికి గొలుసు కరకరలాడుతుంది. ఉప్పుగాలికి ఇనుమంటే అంత ప్రీతి! నూనెబుడ్డి లేకుండా బయలుదేరడం తెలివితక్కువ.

మిగిలినది కాలవ కట్ట. పూర్వం యీ తీరానికి రహదారి బకింగ్‌హామ్ కాలవే. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరువైపు మొదలై, కొంచెం కొంచెంగా ఉత్తరానికి పెరిగి పెదగంజాం దాకా వచ్చింది. 1877–78 కరువు రోజులలో, ఆకలితో ఉన్న జనానికి పని కల్పిస్తూ మద్రాసు పట్నంలో ఐదు మైళ్ళ ముక్క తవ్వించి, ఉత్తరపు కాలవను దక్షిణపు కాలవతో కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి వచ్చింది. దక్షిణాన మరక్కాణం దాకా లెక్కిస్తే మొత్తం పొడవు దాదాపు 420 కిలోమీటర్లు. ఉప్పు, చేపలు, కట్టెలు పడవల మీద మద్రాసు చేరేవి. శ్రీహరికోట అడవి కట్టెలతో పట్నం పొయ్యిలు మండేవి. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ మోకు పట్టి లాగేవారు. ఆ లాగుడు బాటే నేడు సైకిలుకు దిక్కు.

1965, 1966 తుపానులు కాలవను బాగా దెబ్బతీశాయి. లారీలు వచ్చాక దానిని పట్టించుకున్నవారు తక్కువ. ఇప్పుడు కట్ట ఒకచోట రెండు బండ్లు పోయేటంత వెడల్పు, మరొకచోట తుమ్మ ముళ్ళు, ఇంకొకచోట బొత్తిగా మాయం. "కట్ట మీద పోబాకండి సామీ, గండ్లు పడుండాయి" అని చెప్పే మనిషి ఎదురైతే, ఆయన మాట వినడం మంచిది. ఏ పటంలోనూ ఆ గండ్లు ఉండవు.

నిజానికి యీ తీరపు దారులు ఎరిగిన సైకిలువాళ్ళు వేరే ఉన్నారు. తెల్లవారుజామున పట్టపుపాళేలలో పడవలు ఒడ్డు చేరగానే, గంప వెనక కట్టుకుని, చేపలు చెడకముందే పడమటి ఊళ్ళకు తొక్కుకుపోయే బేరగాళ్ళు. ఇప్పుడు చాలామంది మోపెడ్లకు మారారు. వారికి యిది యాత్ర కాదు, బ్రతుకుతెరువు. ఏ గట్టు ఏ నెలలో ఆరుతుందో వాళ్ళకు తెలిసినట్లు మరొకరికి తెలియదు.

కాలవకు రెండువైపులా రొయ్యల గుంటలు వచ్చాయి. 1990లలో యీ పంట జిల్లాను ఊపివేసింది. మచ్చల తెగులు వచ్చి 1994–95లో ఎందరినో ముంచింది కూడా. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు హద్దులోని గుంటలు తొలగించమన్నది. 2005లో వేరే చట్టం వచ్చి రొయ్యల సాగుకు రిజిస్ట్రేషను పద్ధతి ఏర్పడింది. సైకిలువాడికి తెలిసేది కంచె, కావలికుక్క, "యీడ దారి లేదు" అనే మాట. గుంటల గట్లు ఎవరివో వారివి, కాదనలేము. కాలవ కట్ట మాత్రం అందరిదీ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పొంగిన నీటిని చాలావరకు యీ కాలవే తనలోకి తీసుకుని వెనకాల ఊళ్ళను కాచింది. 2008లో దీనిని జాతీయ జలమార్గంలో చేర్చారు. పూడిక తీసేనాడు ఆ మట్టితో కట్ట మీద ఒక కాలిబాటయినా నిలబెడితే, చేపల బేరగాడికీ బడిపిల్లకూ మేలు. యాత్రికుడి సంగతి తరువాత.

నదులు మరొక ఆటంకం. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేచోటు ఎంతో అందమైనది, కాని ఆవలి ఒడ్డు కళ్ళెదుటే ఉన్నా సైకిలుకు అందదు. వెనక్కి కోవూరు వచ్చి, నెల్లూరు వంతెన దాటి, మళ్ళీ తూర్పుకు తిరిగితేగాని మైపాడు రాదు. కండలేరు ఉప్పుటేటి దగ్గరా అదే తంతు. అక్కడ 2008లో కృష్ణపట్నం రేవు తెరిచాక తీరం బొత్తిగా మూసుకున్నది. బొగ్గు లారీల నడుమ సైకిలు తొక్కడం ఏమంత సంతోషం కాదు. ఆ ముక్క త్వరగా దాటండి.

వాకాడు దాటాక దుగరాజపట్నం. పూర్వపు నావికుల పటాలలో దీని పేరు ఆర్మగాన్. 1626లో ఇంగ్లీషువాళ్ళు యిక్కడ కోఠీ కట్టుకున్నారు. బేరం సాగక, ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణాన మరొక చోటు వెతుక్కుని 1639లో పట్టా సంపాదించాడు. ఆ చోటే చెన్నపట్నం. ఇక్కడ బేరం కుదిరివుంటే మహానగరం యీ సరుగుడు తోపుల మధ్యనే వెలసేదేమో!

ఇక దక్షిణానికి పోనివ్వరు. 1969లో శ్రీహరికోటను రాకెట్ల కేంద్రానికి ఎంచారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు లేచింది. తరతరాలుగా ఆ దీవి అడవినే నమ్ముకున్న యానాదులు వేరే చోట్లకు కదలవలసివచ్చింది. లేచిన ప్రతి రాకెట్టుకూ మనం చప్పట్లు కొడతాము, కొట్టవలసిందే. ఖాళీ చేసి వెళ్ళినవారి పేరు కూడా ఆ పూట ఒకసారి తలచుకుంటే తప్పులేదు.

అందుచేత పడమటికి మళ్ళి సూళ్ళూరుపేట చేరి, అక్కడ పులికాటు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు ఎక్కాలి. పడిన శ్రమకు ఫలితం యిక్కడ దక్కుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలలో పోతే ఈశాన్యపుగాలి వీపు తడుతుంది. ఉత్తరాన్నుంచి దక్షిణానికి తొక్కమనేది అందుకే. నవంబరు తుపానుల నెల, ఆ జోలికి పోవద్దు. మధ్యాహ్నం ఎండ తాకకముందే రోడ్డుకు రెండువైపులా పలుచని నీటిలో రాజహంసలు కనిపిస్తాయి. తల తలకిందులుగా నీట ముంచి, కాళ్ళతో బురద కదిపి, తినేది తింటూ, మోటారు బండి హారను వేస్తే దూరంగా జరుగుతాయి. సైకిలుకు అంతగా బెదరవు. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. నీరు తగ్గిన ఏడు పక్షులూ తగ్గుతాయి, వలలు తెచ్చిన బెస్తలూ ఖాళీ చేతులతో గట్టు మీద కూర్చుంటారు.