నాయనమ్మ సూది సంగతి ఎవరు చెప్పాలి?

నెల్లూరు జిల్లా మనుబోలులో పసిబిడ్డకు టీకా వేయించాల్సిన బుధవారం వస్తోందంటే ఆశా కార్యకర్త ముందురోజే గుమ్మంలో ఉంటుంది. కార్డు తీయించి చూసి, "రేపు మర్చిపోవద్దమ్మా" అని గట్టిగా చెప్పిపోతుంది. అదే ఇంటి అరుగు మీద డెబ్బై ఏళ్ల నాయనమ్మ కూర్చుని ఉంటుంది. బీపీ, షుగరు. ఆమెకూ ఏటా వేయించాల్సిన సూది ఒకటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోరు.

అది ఫ్లూ టీకా. ఫ్లూ అంటే జలుబేగా అని తీసిపారేస్తాం గానీ, షుగరున్న పెద్దవాళ్లలో అది న్యుమోనియాలోకి దిగొచ్చు. ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లని కెనడా పరిశోధకులు 2018లో తేల్చారు. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి నిరుటి టీకా ఈ ఏటికి చాలదు. వేయించుకున్నాక ఒంట్లో రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది. చెన్నై, వేలూరుల్లో ఫ్లూ ఎక్కువయ్యేది అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాల వానలతో. మనవీ ఆ వానలే. అందుకే సెప్టెంబరు దాటనివ్వకూడదని నా అభిప్రాయం.

మరి గుర్తుచేస్తే వస్తారా? 2020లో అమెరికాలో డాక్టరు దగ్గరికి రాబోతున్న 47 వేల మందికి పైగా రోగులపై 19 రకాల ఫోను సందేశాలు పరీక్షించారు. అన్నిటికన్నా బాగా పనిచేసింది "మీ టీకా మీకోసం తీసిపెట్టాం" అన్న మాట. ఏ సందేశమూ అందనివాళ్లతో పోలిస్తే వందకు మరో నలుగురైదుగురు వేయించుకున్నారు. ఒక్క మెసేజీకి అది తక్కువేం కాదు.

అయితే మన ఊళ్లో ఫోను మనవడి జేబులో ఉంటుంది, ఇంగ్లీషు మెసేజీ చదవకుండానే పోతుంది. పెద్దవాళ్లకు మనిషి గొంతే వినబడాలి. నెలనెలా బీపీ మాత్రలకు వచ్చేచోట, ఆ చీటీ మీదే తేదీ రాసిస్తే ఇంకా మేలు. చెయ్యి నొప్పి, ఒకరోజు నలత ఉండొచ్చనీ, సూదిలో ఉన్నది చచ్చిన వైరస్ గనుక దానివల్ల ఫ్లూ రాదనీ అక్కడే చెప్పాలి.

ఇక్కడే చిక్కు. ఈ టీకా జాతీయ ఉచిత టీకాల పట్టికలో లేదు, చేతి డబ్బు పెట్టుకోవాలి. ముందు ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లోకి ఆ సీసాలు రావాలి. వస్తే ఆశా కార్యకర్త అరుగు దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగి, "పెద్దమ్మా, నీ సూది తీసిపెట్టాం, రేపు పాపతోపాటు నువ్వూ రా" అని ధైర్యంగా చెప్పగలదు.