కథల్లోని వంట – మన పొయ్యి మీద

కథ చదివేటప్పుడు నోరూరని వారెవరు? మనకు నచ్చిన కథలోని వంటకాన్ని ఇంట్లో వండి చూడటం మంచి కాలక్షేపమే కాదు, అదొక చదువు కూడా. వండితే ఆ కథలో ఎవరు కష్టపడ్డారో, ఎవరు వడ్డించారో, ఎవరి కంచంలో ఎంత పడిందో తెలుస్తుంది. కంచం, గరిటె, వరుస – ఈ మూడూ బాగా ఎరిగిన హాస్టల్ విద్యార్థులం మనం. కాబట్టి ఈ చదువు మనకు త్వరగా ఒంటబడుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు వండుకోదగిన మూడింటిని ఇక్కడ చెబుతున్నాను.

1. ఆలివర్ జావ

చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ నవల 1837 నుండి 1839 వరకు ధారావాహికగా వచ్చింది. ఇంగ్లండులో 1834లో వచ్చిన పేదల చట్టం కింద వర్క్‌హౌస్ అనే ఆశ్రమాలు నడిచేవి. నవలలో అక్కడి వారికి రోజుకు మూడు పూటలా పలుచని ఓట్స్ జావ, వారానికి రెండుసార్లు ఉల్లిపాయ, ఆదివారం అర రొట్టె. తొమ్మిదేళ్ళ ఆలివర్ ఇంకొంచెం అడిగినందుకు గదిలో బంధించి, వాణ్ణి తీసుకుపోయేవారికి 5 పౌండ్లు ఇస్తామని బోర్డు పెట్టారు!

చేసే విధానం: అర లీటరు నీటికి 35 గ్రాముల ఓట్స్, చిటికెడు ఉప్పు. సన్నని సెగ మీద పావుగంట కలుపుతూ ఉడికించాలి. పాలు, పంచదార వేయకూడదు. ఇంట్లో రాగిపిండి ఉంటే దానితోనూ కాచవచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ గిన్నెడు జావలో సుమారు 130 కేలరీలుంటాయి. మూడు పూటలకూ కలిపి 400 దాటవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆ వయసు పిల్లలకు రోజుకు సుమారు 1,700 కేలరీలు కావాలి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఇదే పరిశీలించారు. నవలలోని తిండి పిల్లవాడి ఎదుగుదలకు చాలదన్నారు. అయితే ఆనాటి ఆశ్రమాల అసలు ఆహార పట్టికల్లో ఇంతకంటే మెరుగైన తిండే ఉందని కూడా చెప్పారు. మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పట్టికలో రాసింది వేరు, కంచంలోకి వచ్చేది వేరు కావచ్చు. రెండూ ఒకటేనా అని చూడవలసింది తినేవాళ్ళే.

2. లారా రొట్టె

అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ తన బాల్యాన్ని నవలలుగా రాసింది. 1940లో వచ్చిన ‘ది లాంగ్ వింటర్’ 1880–81 నాటి చలికాలం కథ. మంచు తుపానులకు రైళ్ళు ఆగిపోయి డకోటాలోని డి స్మెట్ అనే చిన్న ఊరికి సరుకులు రాలేదు. పిండి అయిపోయింది. ఇంటిల్లిపాదీ వంతులవారీగా, కాఫీ గింజలు విసిరే చిన్న మరలో గోధుమలు విసిరి రొట్టె చేసుకున్నారు. ఈ నవలల్లోని వంటలతో బార్బరా వాకర్ 1979లో ఒక వంటల పుస్తకమే తెచ్చింది.

చేసే విధానం: గాజు సీసాలో అర గ్లాసు గోధుమపిండి, అర గ్లాసు నీరు కలిపి గుడ్డ కట్టాలి. రోజూ ఒక్కొక్క చెంచా పిండి, నీరు చేర్చాలి. మూడు నుండి ఐదు రోజుల్లో బుడగలు వచ్చి పుల్లని వాసన వేస్తుంది. బూజు పడితే పారేయాలి. మన అమ్మలు దోసెల పిండిని పులియబెట్టడంలోనూ ఉన్నది ఈ సూక్ష్మజీవుల పనే. ఈ పులుపు పిండిని రెండు గ్లాసుల ముతక గోధుమపిండిలో ఉప్పు, నీటితో కలిపి ఏడెనిమిది గంటలు ఉంచాలి. మందపాటి గిన్నెలో ఇసుక పోసి వేడెక్కాక, పైన స్టాండు పెట్టి, నూనె రాసిన పళ్ళెంలో ముద్దను ఉంచి, మూతపెట్టి సన్నని సెగ మీద ముప్పావు గంట కాల్చాలి. కుక్కర్ వాడితే గాస్కెట్, విజిల్ తప్పక తీసేయాలి.

రొట్టె గట్టిగానే ఉంటుంది. కానీ తిరగలి ఉంటే ఆ రెండు గ్లాసుల పిండీ మీరే విసరండి. చేతులు నొప్పి పుట్టాక తింటే ఒక్క ముక్క కూడా పారేయబుద్ధి కాదు.

3. హమీద్ సేమ్యా

ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’ కథ 1933లో వచ్చింది. రంజాన్ పండుగ నాడు అమీనా ఇంట్లో మిగిలింది రెండణాలు, అంటే ఎనిమిది పైసలు. అయిదు ఆమె సంచిలో, మూడు మనవడు హమీద్ జేబులో. సేమ్యా వండాలి, ఊళ్ళో పనులు చేసే ఆడవాళ్ళందరూ వస్తారు, ఎవరికీ లేదనలేదు. సంతలో స్నేహితులు మిఠాయిలు తింటుంటే, రొట్టెలు కాల్చేటప్పుడు నానమ్మ వేళ్ళు కాలుతున్నాయని హమీద్ మూడు పైసలతో ఇనుప పట్టకారు కొన్నాడు.

చేసే విధానం: నలుగురికి 100 గ్రాముల సన్న సేమ్యా, అర లీటరు పాలు, 75 గ్రాముల పంచదార. సేమ్యాను రెండు చెంచాల నేతిలో ఎర్రగా వేయించి, మరిగే పాలలో అయిదారు నిమిషాలు ఉడికించి, దించేముందు పంచదార, ఏలకుల పొడి వేయాలి. ఖర్జూరం, జీడిపప్పు చేరిస్తే మన హైదరాబాదు షీర్ ఖుర్మాకు దగ్గరవుతుంది.

ఈ మూడు కథల్లో ఆలివర్ జావను గరిటె కొలిచింది. లారా రొట్టెను ఇంటివాళ్ళ చేతులు విసిరాయి. హమీద్ కథలో ఒక పసివాడు వండే చేతులను తలచుకున్నాడు. తమ్ముళ్ళూ, ఈసారి సెలవుల్లో వీటిలో ఏదో ఒకటి మీ చేత్తో వండి ఇంట్లో వాళ్ళకు ముందు పెట్టి తరువాత మీరు తినండి. తిరిగి వచ్చాక హాస్టల్ వంటగదిలో మనకోసం తెల్లవారకముందే పొయ్యి వెలిగించే వారిని పేరు పెట్టి, వరస కలిపి పలకరించండి. కంచంలో తక్కువ పడితే మాత్రం, ఇంకొంచెం అని అడగడానికి సిగ్గుపడకండి. అది మన హక్కు.