జనం లేని బీచ్‌కి వెళ్తున్నారా?

హ్యూస్టన్‌లో వారమంతా ట్రాఫిక్, ఆఫీసు కాల్స్, పిల్లల క్లాసులే. అందుకే కిందటి మే నెలలో రెండు రోజులు గాల్వెస్టన్ వెళ్లాం. రద్దీ లేకుండా ద్వీపం పడమటి వైపు, సముద్రానికి ఎదురుగా ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ప్రకటనలో "ప్రైవేట్ బీచ్" అని ఉన్నా, 1959 నాటి ఓపెన్ బీచెస్ చట్టం ప్రకారం టెక్సాస్ గల్ఫ్ తీరంలో తిరిగే హక్కు అందరికీ ఉంది. మనం డబ్బిచ్చి తీసుకునేది ప్రశాంతతే.

కానీ జనం లేని చోట సాధారణంగా లైఫ్‌గార్డులూ ఉండరు. అది మొదటి సాయంత్రమే తెలిసొచ్చింది. అలలు లేని చోటు చూసుకుని మా చిన్నది దిగింది. నడుము లోతు నీళ్లే, అయినా లోపలికి లాగేశాయి. పక్కనే ఉన్న మావారు చెయ్యి పట్టి లాగారు కాబట్టి సరిపోయింది.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు వెనక్కి పోవాలి కదా! ఇసుక తిన్నెల మధ్య సందు దొరికితే అటే జోరుగా పోతుంది. అదే రిప్ కరెంట్. అక్కడ లోతెక్కువ, అందుకే అలలు పెద్దగా విరగవు, నీరు నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందులో చిక్కుకుంటే ఎదురీదకూడదు. కంగారు పడకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి. రాతి గట్ల దగ్గర అసలు దిగకూడదు.

ఇప్పుడు బయల్దేరే ముందే నేషనల్ వెదర్ సర్వీస్ వారి రిప్ కరెంట్ సూచన చూస్తాం. సముద్ర స్నానాలు సీవాల్ వైపు, లైఫ్‌గార్డ్ టవర్ దగ్గరే. ఎర్ర జెండా ఉంటే దిగం. ఊదా జెండా ఉంటే జెల్లీఫిష్‌ల భయం. సాయంత్రం మాత్రం ఇంటి ముందు ఇసుకలో పులిహోర, దద్దోజనం, కబుర్లు. విశ్రాంతికి అంతకన్నా ఏం కావాలి?